వానరోజు డ్యూటీ: పోవడం ఒక్కటే కాదు, తిరిగి రావడం కూడా

2020 అక్టోబరు 13, మంగళవారం. తెల్లవారి ఆరున్నర, ఏడున్నర గంటల మధ్య తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటింది. అది తెలంగాణ వైపే వస్తుందని వాతావరణ శాఖ ముందే చెప్పింది. అయినా హైదరాబాద్‌లో పనులున్నవాళ్లు పనులకు పోయారు. పొద్దున రోడ్లు పోదగినట్టే ఉన్నాయి మరి. మర్నాడు లెక్క చూస్తే బేగంపేటలో 19 సెంటీమీటర్లు, ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన. అక్టోబరు నెలలో ఒక్కరోజులో బేగంపేట కేంద్రం అంత వాన ఎన్నడూ నమోదు చేయలేదు. అంతకుముందు రికార్డు 1903 నాటిది, అదీ 12 సెంటీమీటర్ల లోపే. రాత్రి బెంగళూరు రహదారి మీద గగన్‌పహాడ్ దగ్గర అప్పా చెరువు తెగి వాహనాలు కొట్టుకుపోయాయి, మనుషులు కొట్టుకుపోయారు. బండ్లగూడలో గోడ కూలి పక్క ఇళ్ల మీద పడి ప్రాణాలు పోయాయి. నాలుగు రోజులు గడిచాయో లేదో, 17వ తేదీ శనివారం రాత్రి మళ్లీ కుండపోత. బాలాపూర్ దిక్కున గుర్రం చెరువు కట్ట తెగి, కంచన్‌బాగ్‌కు ఆనుకొని ఉన్న హఫీజ్ బాబానగర్, ఫూల్‌బాగ్, ఒమర్ కాలనీ మునిగాయి.

ప్రభుత్వం 14, 15 తేదీలు సెలవు ప్రకటించింది. అత్యవసర సేవలు కాని ప్రైవేటు సంస్థలన్నిటికీ అది వర్తించింది. మంచి నిర్ణయమే. కానీ రోడ్డు మీద ప్రాణాలు పోయింది 13వ తేదీ రాత్రి.

రోడ్డు చూస్తే భయమేస్తున్న రోజు పనికి పోవాలా, మానాలా? ఆ మాట చెప్పాల్సింది ఎవరు? మానితే పోయే కూలి ఎవరి జేబులోంచి పోవాలి? మంచు దేశాల్లో ఈ ప్రశ్న చలికాలంలో వస్తుంది. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉన్న మన పిల్లలు జనవరి పొద్దున కారు మీది మంచు గీకుతూ దీన్నే ఆలోచిస్తారు. మన దగ్గర ఇది జూలై నుంచి అక్టోబరు దాకా వాన వేళల్లో వస్తుంది. మంచు కింద నల్లగా గడ్డకట్టిన పొర కనిపించదు. ఇక్కడ మురికినీళ్ల కింద మూత లేని మ్యాన్‌హోల్ కనిపించదు. రెండు చోట్లా మనిషిని కాలనీ గేటు దగ్గర నిలబెట్టి ఆలోచింపజేసేది ఆ కనిపించనిదే.

ఈ ప్రశ్నకు ఇప్పటిదాకా ప్రపంచం ఇచ్చిన జవాబులన్నీ పరిచి చూశాక నాకు గట్టిగా అనిపించింది ఒకటుంది. మనం పొద్దున పోయే దారినే చూసి నిర్ణయం తీసుకుంటున్నాం. ప్రాణం మీదికి వచ్చేది మాత్రం ఎక్కువగా తిరుగుదారిలోనే. 2005 జూలై 26న ముంబైలో శాంతాక్రూజ్ దగ్గర 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన పడింది. అసలు దెబ్బ మధ్యాహ్నం తర్వాతే. ఆఫీసుల్లోంచి ఇళ్లకు బయలుదేరినవాళ్లు రాత్రంతా రోడ్ల మీద ఇరుక్కున్నారు, కార్లలోనే ఊపిరాడక పోయినవాళ్లున్నారు. 2014 జనవరి 28న అమెరికాలోని అట్లాంటాలో రెండున్నర అంగుళాల మంచు పడింది. ఉత్తరాది వాళ్లకు అది లెక్కే కాదు. కానీ మధ్యాహ్నం అయ్యేసరికి ఆఫీసులు, బడులు అన్నీ ఒకేసారి వదిలేశాయి. ఊరు ఊరంతా ఒకే గంటలో రోడ్డెక్కింది. వేలమంది ఆ రాత్రి కార్లలో, దుకాణాల్లో పడుకున్నారు, పిల్లలు బడుల్లోనే ఉండిపోయారు. స్పెయిన్‌లోని వలెన్సియాలో 2024 అక్టోబరు 29న వరద వచ్చింది. జనాల ఫోన్లకు హెచ్చరిక చేరింది రాత్రి 8 గంటల 11 నిమిషాలకు. అప్పటికే ఎంతోమంది పని ముగించుకుని దారిలో ఉన్నారు. 220 మందికి పైగా చనిపోయారు.

హైదరాబాద్ వానకు కూడా ఈ గుణం ఉంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పొద్దంతా ఉక్కపోసి, మధ్యాహ్నం మబ్బు పేరుకుని, ఆఫీసులు వదిలే వేళకు కురుస్తుంది. తెల్లవారి ఏడింటికి ఎండ పొడ చూసి బయలుదేరినవాడు సాయంత్రం ఏడింటికి ఏ రోడ్డు మీద ఉంటాడో ఆ ఎండ చెప్పదు. కంచన్‌బాగ్ నుంచి అంబర్‌పేట దిక్కు పనికి పోయేవాళ్లకు ఇది బాగా తెలుసు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు మూసీ మీది మూసారాంబాగ్ వంతెన మూసిన రోజులున్నాయి, చాదర్‌ఘాట్ దగ్గరి కింది వంతెన మూసిన రోజులున్నాయి. 2025 సెప్టెంబరు చివర్లో అయితే నీళ్లు ఏకంగా ఎంజీబీఎస్ బస్టాండులోకే వచ్చాయి. పొద్దున దాటిన వంతెన సాయంత్రం ఉండదు. జంట జలాశయాల పైన వికారాబాద్ దిక్కు పడిన వాన, మన నెత్తిన చినుకు లేకపోయినా, మన దారిని మూసేస్తుంది.

నీళ్ల బలం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి, ఎందుకంటే ఇక్కడ చదువుకున్నవాళ్లు కూడా తప్పు అంచనా వేస్తారు. వేగంగా పారే నీరు ఆరు అంగుళాల లోతుంటే చాలు, పెద్దమనిషిని పడగొడుతుంది. అడుగు లోతు నీళ్లు చిన్న కారును తేలుస్తాయి. రెండడుగులైతే పెద్ద జీపులాంటి బండిని కూడా ఈడ్చుకుపోతాయి. కారు బరువు దాన్ని కాపాడదు. లోపల గాలి ఉన్న డబ్బా కాబట్టి, చుట్టూ నీళ్లు చేరేకొద్దీ అవి దాన్ని పైకి ఎత్తుతాయి, చక్రాలకు నేల మీద పట్టు పోతుంది. ప్రవాహం వేగం రెట్టింపైతే తోసే బలం నాలుగు రెట్లవుతుంది. అమెరికా లెక్కల ప్రకారం వరద చావుల్లో సగానికి పైగా వాహనాల్లో ఉన్నవాళ్లవే. రెండు చక్రాల బండికైతే ఈ కొలతలేవీ అక్కర్లేదు, సైలెన్సర్‌లోకి నీళ్లు పోయి నడిమధ్యలో ఆగిపోతుంది. దిగి తోసుకుంటూ పోయే మనిషి అడుగు వేసేది కనిపించని నేల మీద. పక్కన కరెంటు స్తంభం, కింద నాలా.

2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా మరిపెడ దగ్గర ఆకేరు వాగు దాటుతూ ఒక కారు కొట్టుకుపోయింది. అందులో ఉన్నది రాయ్‌పూర్‌లో ఉద్యోగం చేసే ఒక యువ వ్యవసాయ శాస్త్రవేత్త, ఆమెను శంషాబాద్ విమానాశ్రయానికి తీసుకువెళ్తున్న తండ్రి. తండా నుంచి చదువుకుని పైకి వచ్చిన బిడ్డ. ఆ తెల్లవారుజామున వాళ్లు బయలుదేరింది డ్యూటీలో చేరడం కోసమే. ఆ వార్త చదివినప్పటి నుంచి నాకు ఒకటే బాధ: ఒకరోజు ఆలస్యంగా చేరితే ఏమీ కాదన్న మాట మన ఉద్యోగాల్లో ఎంత అరుదుగా, ఎంత ఆలస్యంగా వినిపిస్తుంది!

పనికి రాకపోతే ఏమవుతుందో మనిషి మనిషికీ మారుతుంది. కంచన్‌బాగ్ ఈ తేడాలన్నీ ఒకేచోట కనిపించే ప్రాంతం. డీఆర్‌డీఎల్, డీఎంఆర్‌ఎల్ వంటి రక్షణ పరిశోధనశాలలు, 1970లో పుట్టిన భారత్ డైనమిక్స్, 1973లో పుట్టిన మిశ్రధాతు నిగమ్, అంటే మిధాని, అన్నీ ఇక్కడే. వాటి టౌన్‌షిప్‌లలో ఉండే పర్మనెంట్ ఉద్యోగికి సీఎల్ ఉంటుంది, ఈఎల్ ఉంటుంది, గేటు కూడా దగ్గరే. అదే ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టరు కింద పనిచేసే హెల్పర్ బాలాపూర్ నుంచో, ఎర్రకుంట నుంచో, జల్‌పల్లి నుంచో వస్తాడు. రాని రోజు కూలి రాదు. ఓవైసీ ఆసుపత్రిలో, అపోలో డీఆర్‌డీఓ ఆసుపత్రిలో నర్సులు, ఆయాలు షిఫ్టు మీద షిఫ్టు నడుపుతారు. సంతోష్‌నగర్ దాటి పనికి పోయే మేస్త్రీలు, అడ్డా మీద నిలబడే కూలీలు, ఇళ్లల్లో పనిచేసే ఆడవాళ్లు వీళ్లందరికీ సెలవు అన్న మాటే లేదు, ఉన్నది ఒక్కటే: పస్తు. ఇక డెలివరీ బండ్ల పిల్లలకు వాన పడుతున్న గంటలోనే ఆర్డరుకు రేటు పెరుగుతుంది. ప్రమాదం పెరిగిన గంటలోనే ఆశ పెట్టి రోడ్డెక్కించడం నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అతి బాధాకరమైన ఏర్పాటు.

పనికి చేరే సాధనంలోనూ తేడాలున్నాయి. మెట్రో పైన నడుస్తుంది కాబట్టి కింద రోడ్లు మునిగినా పోతుంది. కంచన్‌బాగ్‌కు మెట్రో రాలేదు. 2021 డిసెంబరులో తెరిచిన అబ్దుల్ కలాం ఫ్లైఓవర్ మిధాని దగ్గర నుంచి ఓవైసీ జంక్షన్ మీదుగా బండ్లను దాటిస్తుంది, అంత మేరకు ఎంతో మేలు. కానీ ఫ్లైఓవర్ దిగాక ఇంటికి పోయే గల్లీ గల్లీయే. ఆర్టీసీ బస్సు ఎత్తుగా ఉంటుంది, స్కూటీ కంటే నయం. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక వానరోజు బస్సు ఎక్కమని చెప్పడానికి ఖర్చు కూడా అడ్డం లేదు, ఆ బస్సు ఆ దారిన నడిస్తే.

ఇంకొక మాట ఈ చర్చలో తరచూ జారిపోతుంది. పనికి పోకుండా ఇంట్లో ఉంటే క్షేమం అనుకుంటాం. హఫీజ్ బాబానగర్‌లో కింది అంతస్తులో ఉండేవాళ్లకు ఆ ధీమా లేదు. 2020లో పల్లె చెరువు నీళ్లు అలీనగర్ ఇళ్ల మీదికి వచ్చినప్పుడు ఒకే కుటుంబంలో ఎంతోమంది గల్లంతయ్యారు, వాళ్లు ఉన్నది ఇంటి దగ్గరే. కాబట్టి ఇలాంటి కాలనీలో మనిషి డ్యూటీ మానేది రోడ్డుకు భయపడి మాత్రమే కాదు. మంచం దిగలేని తల్లిని మేడ మీదికి ఎవరు చేర్చాలి, పిల్లల్ని ఎవరు పట్టుకోవాలి, ఫ్రిజ్ ప్లగ్ ఎవరు పీకాలి అన్నవి కూడా ఉంటాయి. సూపర్‌వైజరుకు ఫోన్ చేసి "సార్, మా దగ్గర నీళ్లు మోకాళ్ల దాకా వచ్చినయ్, ఇవాళ రాలేను" అంటే, "ఇక్కడ చినుకు లేదు, అందరూ వచ్చిన్రు, నీ ఒక్కనికేనా?" అన్న జవాబు వస్తుంది. ఆ సూపర్‌వైజరు అబద్ధం చెప్పడం లేదు. నిజంగానే అతనికి చినుకు లేదు. ఒకే రోజు నగరం ఒక అంచున 32 సెంటీమీటర్లు, నడుమ 19 పడిన ఊరిది. అందుకే రోడ్డు గురించి ఆఖరి మాట ఆ రోడ్డు మీద నిలబడ్డవాడిదే కావాలంటాను. ఆఫీసు కిటికీలోంచి కనిపించే ఆకాశం సాక్ష్యానికి పనికిరాదు.

మరి చట్టం ఏమంటుంది? దారిలో ప్రమాదం జరిగితే అది పనిలో జరిగినట్టా కాదా అన్న మీమాంస మన కోర్టుల్లో చాలా పాతది. అది మొదలైంది కూడా నీళ్ల దగ్గరే కావడం విశేషం. గుజరాత్‌లో పోర్‌బందర్ దగ్గర ఒక ఉప్పు కర్మాగారం కూలీలు పని ముగించుకుని ఇంటికి పోతూ పడవలో పాయ దాటుతుంటే, వాతావరణం బాగాలేక పడవ మునిగి కొందరు చనిపోయారు. నష్టపరిహారం కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1958లో తీర్పు వచ్చింది: పని ప్రదేశం పరిధిని కొంత దూరం సాగదీసి చూడవచ్చు గానీ, అందరూ వాడే పడవ రేవు ఆ పరిధిలోకి రాదు, యజమాని బాధ్యత లేదు. మళ్లీ 1996లో, సైకిల్ మీద డ్యూటీకి పోతూ ఫ్యాక్టరీకి కిలోమీటరు దూరంలో లారీ తగిలి గాయపడిన కేరళ కార్మికుడి కేసులో కూడా ఈఎస్‌ఐ ప్రయోజనం దక్కదన్నారు. ఆ తర్వాత పార్లమెంటు 2010లో ఈఎస్‌ఐ చట్టంలో 51-ఇ సెక్షన్ చేర్చింది. ఇంటి నుంచి పనికి, పని నుంచి ఇంటికి పోయే దారిలో జరిగే ప్రమాదం, సమయం, చోటు, పరిస్థితులు పనితో ముడిపడి ఉంటే, పనిలో జరిగినట్టే లెక్క. 2025 జూలైలో సుప్రీంకోర్టు అదే సూత్రాన్ని 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టానికీ వర్తింపజేసింది. ఆ కేసు మహారాష్ట్రలో చక్కెర ఫ్యాక్టరీకి రాత్రి కాపలా డ్యూటీకి మోటార్‌సైకిల్ మీద పోతూ చనిపోయిన కాపలాదారుది. 2003లో మనిషి పోతే 2025లో కుటుంబానికి ఆఖరి మాట దక్కింది.

పడవ మునిగిన కూలీల నుంచి ఈ కాపలాదారు దాకా చట్టం ఏడు దశాబ్దాలు నడిచి ఒక సంగతి ఒప్పుకుంది: దారి కూడా పనిలో భాగమే. చనిపోయినవాడి విషయంలో అది ఒప్పుకుంది. బతికి ఉండగా, "ఈ దారిన ఇవాళ రాను" అన్నవాడి విషయంలో ఇంకా ఒప్పుకోలేదు. దారిలో పోతే పరిహారం ఇచ్చే వ్యవస్థ, దారిలో పోకుండా ఆగినవాడి కూలి కోస్తుంది. ఇది సరిచేయాల్సిన సంగతి. 1981 నాటి అంతర్జాతీయ కార్మిక ఒప్పందం 155 ప్రకారం, ప్రాణానికి తక్షణ ప్రమాదం ఉందని సహేతుకంగా నమ్మి పని వదిలి తప్పుకున్న కార్మికుణ్ణి శిక్షించకూడదు. 2022లో దాన్ని ప్రాథమిక ఒప్పందాల్లో చేర్చారు. అది రాసింది పనిచోటు గురించి. యంత్రం దగ్గర ఉన్న ఆ హక్కును రోడ్డు మీదికి తీసుకురావడమే మిగిలిన పని.

తీసుకొచ్చిన చోట్లున్నాయి. హాంకాంగ్‌లో 1992 మే 8న సరిగ్గా పనులకు, బడులకు పోయే వేళ కుంభవృష్టి కురిసి ఊరంతా గందరగోళమైంది. ఆ ఏడాదే వాన హెచ్చరికల పద్ధతి తెచ్చారు. ఇప్పుడు గంటకు 30 మిల్లీమీటర్లు దాటితే కాషాయ రంగు, 50 దాటితే ఎరుపు, 70 దాటితే నలుపు. నలుపు వచ్చిందంటే ఇంట్లో ఉన్నవాళ్లు ఇంట్లోనే, ఆఫీసులో ఉన్నవాళ్లు ఆఫీసులోనే ఉండాలి. అక్కడి కార్మిక శాఖ యజమానులకు ఒక నియమావళి ఇచ్చింది: వాన వల్ల రానివాళ్ల జీతం కోయవద్దు, హాజరు బోనస్ ఆపవద్దు, ఏ రంగు హెచ్చరికకు ఏం చేయాలో ముందే మాట్లాడుకుని రాసిపెట్టుకోండి. అది చట్టం కాదు, సలహానే. అయినా ఊరు దాన్ని అలవాటు చేసుకుంది. నాకు అందులో అన్నిటికంటే నచ్చింది ఆఫీసులో ఉన్నవాణ్ణి బయటికి తోయకపోవడం. అట్లాంటా ఆ రోజు నేర్చుకున్న పాఠం అదే.

అమెరికా రాజధానిలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు మంచు రోజున వచ్చే ప్రకటనలు రకరకాలు: ఆఫీసులు మూసేశాం అని ఒకటి, రెండు గంటలు ఆలస్యంగా రండి అని ఒకటి. ఇంకొకటుంది. ఆఫీసు తెరిచే ఉంటుంది, కానీ రాలేమనుకున్నవాళ్లు ముందస్తు అనుమతి లేకుండానే తమ సెలవు వాడుకోవచ్చు, లేదా ఇంటి నుంచి పనిచేయవచ్చు, అధికారికి ఒక మాట చెబితే చాలు. ఎవరి వీధిలో మంచు ఎంత ఉందో పై అధికారికి తెలియదు గనుక, తెలిసినవాడి చేతికే నిర్ణయం ఇచ్చారు. ప్రభుత్వం చేసిందల్లా ఆ మనిషిని అడుక్కునే అవస్థ నుంచి తప్పించడం. హైదరాబాద్‌లాంటి, వీధికో వాన పడే ఊరికి ఇది ఊరంతటికీ సెలవు కంటే బాగా సరిపోతుంది.

స్పెయిన్ ఇంకా ముందుకు పోయింది. వలెన్సియా వరద తర్వాత నెల తిరక్కుండానే, 2024 నవంబరు 28న, అధికారులు ప్రయాణం వద్దన్నప్పుడు లేదా దారులు మూసుకుపోయినప్పుడు కార్మికులకు నాలుగు రోజుల దాకా జీతంతో కూడిన సెలవు ఇచ్చే ఉత్తర్వు తెచ్చింది. అవసరమైతే పొడిగిస్తారు. 220 ప్రాణాలు పోయాక వచ్చిన సెలవు అది. మనకు అన్ని ప్రాణాలు పోయేదాకా ఆగాల్సిన అవసరం ఏముంది?

మన ఊరు ఏమీ చేయలేదని కాదు. 2023 జూలైలో 21, 22 తేదీలకు జీహెచ్‌ఎంసీ పరిధిలో ప్రభుత్వ ఆఫీసులకు, బడులకు సెలవు ఇచ్చి, ప్రైవేటు సంస్థలు కూడా పాటించేలా చూడమని కార్మిక శాఖకు చెప్పారు. 2020 కంటే ఇది ముందడుగు, ఎందుకంటే ఈసారి ప్రమాదం కంటే ముందు సెలవు వచ్చింది. అదే నెల 25న సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీల్ని మధ్యాహ్నం 3 నుంచి సాయంత్రం 6 దాకా మూడు విడతలుగా ఉద్యోగుల్ని వదలమన్నారు. అట్లాంటాలో జరిగినట్టు అందరూ ఒకేసారి రోడ్డెక్కకుండా చూసే ఉపాయం, బాగా ఆలోచించి చేసిన పని. కానీ ఆ విడతలు మాదాపూర్‌కు, గచ్చిబౌలికి. కాటేదాన్ ఫ్యాక్టరీల హెల్పరుకు, చంపాపేటలో కట్టే అపార్ట్‌మెంటు కూలీకి విడతలు ఎవరు వేశారు? లాప్‌టాప్ ఉన్నవాడికి ఇంటి నుంచి పని అన్న మెట్టు ఉంది. తాపీ పట్టినవాడికి అది లేదు. వానరోజు భద్రత పని రకాన్ని బట్టి దొరకడం అన్యాయం.

అభ్యంతరాలు ఉన్నాయి, వాటిలో బరువు కూడా ఉంది. ఆసుపత్రి మూయలేం. ప్రసవం వానను చూసి ఆగదు. లోహం కరిగే కొలిమిని నడుమ వదిలేసి పోలేం. కరెంటు లైన్‌మన్, పారిశుధ్య కార్మికులు, విపత్తు సహాయ దళం (డీఆర్‌ఎఫ్) సిబ్బంది సరిగ్గా ఆ రోజే రావాలి, వాళ్లు రాబట్టే మిగతావాళ్లం ఇంట్లో కూర్చోగలం. దీనికి నా జవాబు ఒకటే. రాక తప్పని మనిషిని తెచ్చే బాధ్యత పిలిచినవాళ్లది. ఆసుపత్రి అంబులెన్సో, ఫ్యాక్టరీ బస్సో పోయి తీసుకురావాలి. షిఫ్టు దిగినవాళ్లకు ఆ రాత్రి పడుకునే చోటు, వేడి అన్నం పెట్టాలి. నర్సు తన స్కూటీ మీద తన ప్రాణం పణంగా పెట్టి వచ్చి సేవ చేయాలని ఎదురుచూడటం సేవాభావం మీద అన్యాయంగా బతకడమే. దుర్వినియోగం చేస్తారన్న మాట కూడా వింటాం. చేస్తారేమో కొందరు. వాతావరణ శాఖ ఎర్ర హెచ్చరిక ఇచ్చే రోజులు ఏడాదిలో ఎన్ని? ఆ కొద్ది రోజుల్లో ఒకరిద్దరు ఉత్తినే ఇంట్లో ఉన్నా జరిగే నష్టం ఎంత? భయపడి రానివాడిని నమ్మడంలో పొరపాటు జరిగితే ఒక రోజు కూలి పోతుంది. నమ్మకపోవడంలో జరిగితే మనిషి పోతాడు.

వ్యవస్థ మారేలోపు మనిషి ఏం చేయాలి? నా సలహా రాత్రి పడుకునే ముందే మొదలవుతుంది. వాతావరణ శాఖ రంగుల్లో పసుపు అంటే గమనిస్తూ ఉండు, నారింజ అంటే సిద్ధంగా ఉండు, ఎరుపు అంటే చర్య తీసుకో అని. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ వర్షం. రాత్రి నారింజ రంగు కనిపించిందంటే సూపర్‌వైజరుకు అప్పుడే చెప్పి ఉంచడం మేలు, తెల్లవారి చెబితే సాకులా వినిపిస్తుంది. పొద్దున బయలుదేరేముందు దారి గురించి కాక, సాయంత్రం నేను తిరిగి వచ్చే వంతెన ఏది, దాని ఎగువన ఏ చెరువుంది, అది మత్తడి దుంకుతోందా అని అడగాలి. వాతావరణ శాఖ మూడు గంటలకోసారి ఇచ్చే తక్షణ సూచన మధ్యాహ్నం ఒకసారి చూసుకోవాలి. పనిచోట ఉండగా కుండపోత మొదలైతే తొందరపడి బయలుదేరకూడదు, ఆగితే ఇంటివాళ్లు కంగారుపడతారు గాని నీళ్లు చాలాసార్లు కొన్ని గంటల్లో తగ్గుతాయి. ఇంట్లో ఉన్నవాళ్లు కూడా "ఎక్కడున్నవ్, ఇంకా రాలేదా" అని పదేపదే ఫోన్ చేసి ఆ మనిషిని నీళ్లలోకి దింపకూడదు. "ఆడనే ఆగు బిడ్డా, తెల్లారినంక రా" అనే తల్లి మాట ఆ రాత్రి పెద్ద రక్ష. రోడ్డు మీద పారే నీళ్లు ఎదురైతే బండి తిప్పుకోవాలి, పక్కన నలుగురు దాటుతున్నా సరే. నీళ్లు నిలిచిన గల్లీ ఫోటో ఒకటి తీసి పంపాలి, సమయం కనబడేలా. అది బతిమాలడం కాదు, రుజువు.

కూలి పోయే సంగతి మాత్రం సలహాలతో తీరదు. అందుకే అడగాల్సిన చోట అడగాలి. కంచన్‌బాగ్‌లోని సంస్థలు చాలావరకు ప్రభుత్వ రంగానివి, పక్కపక్కనే ఉన్నవి. వాటి గేట్లలోంచి పోయే కాంట్రాక్టు కార్మికుల సంఖ్య తక్కువేం కాదు. కాంట్రాక్టరుతో రాసుకునే టెండరు నిబంధనల్లో ఒక వాక్యం చేర్చడం వాటి చేతిలో పని: వాతావరణ శాఖ హైదరాబాద్ జిల్లాకు గానీ, రంగారెడ్డి జిల్లాకు గానీ ఎర్ర హెచ్చరిక ఇచ్చిన రోజున, లేదా కార్మికుడి దారిలో వంతెన మూసిన రోజున రాలేని కాంట్రాక్టు కార్మికుడికి ఆ రోజు కూలి చెల్లించాలి, ఆ ఖర్చు ప్రధాన సంస్థ భరించాలి. రంగారెడ్డి పేరు కూడా ఉండాలి, ఎందుకంటే గుర్రం చెరువు, బాలాపూర్, జల్‌పల్లి ఆ జిల్లాలోనివి, నీళ్లు వచ్చేది అటునుంచే. ఇలాంటి వాక్యం ఒక్క సంస్థ రాసినా పక్క సంస్థ కార్మికుడు తన కాంట్రాక్టరుకు చూపించడానికి ఒక కాగితం దొరుకుతుంది. టెండర్లు కొత్తగా పిలిచేటప్పుడు కార్మిక సంఘాలు బోనస్ పక్కన ఈ డిమాండ్‌ను కూడా రాసుకుని లోపలికి పోవాలి.